లోపమున్న కుక్కను దత్తత తీసుకోవాలంటే: మొదటి ఆలోచన నుంచి రోజువారీ సేవ దాకా

దత్తత కోసం షెల్టర్‌కు వచ్చేవాళ్ళు ముందు కుక్కపిల్లల దగ్గర ఆగుతారు. తర్వాత లాబ్రడార్ ఏమైనా ఉందా అని అడుగుతారు. వెనక వరసలో ఉన్న మూడుకాళ్ళ కుక్కనీ, ఒక కన్ను కుట్టేసిన కుక్కనీ, మూతి వంకరపోయిన కుక్కనీ చూసి "అయ్యో పాపం" అనుకుంటూ వెళ్ళిపోతారు. అలా అనుకున్నవాళ్ళలో కొందరికి దాన్ని ఇంటికి తీసుకెళ్ళాలని నిజంగానే ఉంటుంది. చూసుకోగలమా, మధ్యలో చేతులెత్తేస్తామా అన్న టెన్షన్ వాళ్ళను ఆపేస్తుంది. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

లోపం ఎంత పెద్దదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నిర్ణయం తేలదు. ఆ లోపం వల్ల రోజూ మనకు ఏ పని పడుతుందో అడగండి. చూడగానే గుండె తరుక్కుపోయే కుక్క ఇంట్లో ఏ అదనపు పనీ పెట్టకపోవచ్చు. ఫొటోలో ముచ్చటగా ఉన్న కుక్కకు రోజుకు నాలుగుసార్లు మూత్రం పిండి తీయాల్సి రావచ్చు. మొహం చూసి కాక, పని చూసి ఎంచుకున్న ఇంట్లోనే ఇలాంటి కుక్క చివరిదాకా ఉంటుంది.

1. నయమయ్యేదేదో, ఉండిపోయేదేదో తెలుసుకోండి

మన వీధుల్లో "వికారంగా" కనిపించే కుక్కల్లో చాలావాటికి ఉన్నది వైద్యంతో తగ్గే జబ్బే. ఒళ్ళంతా బొచ్చు రాలి, చర్మం నల్లబడి ఏనుగు తోలులా మందమైన కుక్కకు సాధారణంగా గజ్జి ఉంటుంది. అందులో రెండు రకాలు ముఖ్యం. డెమోడెక్స్ పురుగు వల్ల వచ్చేది మనుషులకు అంటదు. సార్కోప్టిక్ రకం మాత్రం పక్క కుక్కలకు అంటుకుంటుంది, మనకూ దురద దద్దుర్లు తెస్తుంది. చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే ఏదో తెలుస్తుంది. ఇప్పుడు దీనికి నోటి మాత్రలు కూడా ఉన్నాయి. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో బొచ్చు తిరిగి వస్తుంది. దయచేసి కాలిన ఇంజన్ ఆయిల్ మాత్రం పూయకండి. ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఇది చేస్తున్నారు. కుక్క దాన్ని నాకుతుంది, విషం లోపలికి పోతుంది.

జననాంగం దగ్గరో ముక్కు మీదో కాలీఫ్లవర్ పువ్వులా పెరిగి రక్తం కారే గడ్డ ఉంటే, అది టీవీటీ అనే కణితి కావచ్చు. కుక్క నుంచి కుక్కకు అంటుకునే క్యాన్సర్ ఇది. పేరు వినగానే భయం వేస్తుంది గానీ, వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలా కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది. పురుగులు పట్టిన గాయం కూడా అంతే. చూసిన మనకే అన్నం సహించదు, కానీ శుభ్రం చేసి మందు వేస్తే ఆశ్చర్యపోయేంత త్వరగా మానుతుంది. కిరోసిన్, పెట్రోలు పోయకూడదు.

చెవి కొసన చిన్న కోత కనబడితే కంగారు పడకండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన వీధికుక్కలకు గుర్తుగా పెట్టే గాటు అది.

ఇక ఉండిపోయేవి: తీసేసిన కాలు, పోయిన కన్ను, చెవుడు, విరిగి వంకరగా అతుక్కున్న దవడ, వెన్నెముక దెబ్బతో చచ్చుబడిన వెనక కాళ్ళు, డిస్టెంపర్ జబ్బు వదిలి వెళ్ళిన వణుకు. డిస్టెంపర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టీకాలు లేని కుక్కపిల్లలను మన దగ్గర విపరీతంగా చంపే వైరస్ ఇది. బతికి బయటపడ్డవాటిలో కొన్నింటికి కాలో, తలో, దవడో లయగా కొట్టుకుంటూ ఉంటుంది. నిద్రలో కూడా ఆగదు. చూసేవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు, కాదు. కొన్నింటికి నిజంగా ఫిట్స్ కూడా వస్తాయి, వాటికి మందు వేరే. చిన్నప్పుడే జబ్బు చేస్తే పళ్ళ మీద పింగాణీ పొర సరిగా ఏర్పడదు, పళ్ళు గోధుమరంగులో గరుకుగా ఉంటాయి. అమెరికాలోని పెటలూమాలో 2024లో జరిగిన వికారమైన కుక్కల పోటీలో గెలిచిన వైల్డ్ థాంగ్ ఇలాంటిదే. అప్పటికి ఎనిమిదేళ్ళ పెకినీస్ జాతి కుక్క అది. చిన్నప్పుడు డిస్టెంపర్ వచ్చి పళ్ళు పెరగక నాలుక ఎప్పుడూ బయటికి వేలాడుతుంది, ముందు కుడికాలు ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. మన వీధుల్లో ఆ జబ్బు గెలిచి వణుకుతూ తిరిగే కుక్కలకు వచ్చింది కూడా అదే వైరస్.

2. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి

"మనకు ఇష్టమేనా?" అని అడిగితే అందరూ సరే అంటారు. "మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంట్లో ఎవరుంటారు?" అని అడగండి. మూడుకాళ్ళ కుక్కకు, ఒంటికన్ను కుక్కకు, చెవిటి కుక్కకు ఆ ప్రశ్నకు జవాబు లేకపోయినా నడుస్తుంది. వెనక కాళ్ళు పడిపోయిన కుక్కకు జవాబు ఉండి తీరాలి. భార్యాభర్తలిద్దరూ ఉదయం వెళ్ళి రాత్రి తిరిగొచ్చే ఇల్లయితే, ఆ రకం కుక్క వద్దు. అలా అనుకోవడం కఠినత్వం కాదు. అదే షెల్టర్‌లో మీ ఇంట్లో హాయిగా బతకగలిగే ఇంకో కుక్క మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

పెద్దవాళ్ళ అభ్యంతరాలు కొట్టిపారేయకండి. "పొద్దున్నే లేచి ఆ కుంటి కుక్క మొహం చూడాలా?" అని అత్తగారు అనొచ్చు. ఆవిడతో వాదం వద్దు. కాలభైరవుడి వాహనం కుక్క అనీ, దత్తాత్రేయుడి కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలుంటాయనీ, వెంట వచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథా ఆవిడకు మనకంటే బాగా తెలుసు. షెల్టర్‌కు ఒకసారి వెంట తీసుకెళ్ళండి. కుక్కను నేరుగా చూసినప్పుడు మెత్తబడే మనసులు చాలా ఉన్నాయి. ఇంట్లో పూజగది, వంటగది శుభ్రత గురించి ఆవిడకున్న భయం మాత్రం న్యాయమైనదే. కుక్క ఎక్కడిదాకా రావచ్చు, ఎక్కడికి రాకూడదు అన్నది ముందే తేల్చుకుని, చిన్న గేటు పెట్టించండి.

అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకోలు రాతలో తీసుకోండి. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, కానీ మొదటి రోజే దాన్ని తీసి చూపించకండి. లిఫ్టులో మూత్రం పడితే తుడిచే బాధ్యత మనదేనని ముందుగా చెబితే చాలా గొడవలు మొదలే కావు. మున్సిపాలిటీలో కుక్కకు లైసెన్సు తీసుకోవడం కూడా మరవకండి.

డబ్బు సంగతి: మొదటి రెండు నెలల్లో పరీక్షలు, టీకాలు, ఆపరేషన్, పరుపులు అన్నీ కలిసి ఒకేసారి మీద పడతాయి. తర్వాత కొంత కుదుటపడుతుంది. కుక్కల ఇన్సూరెన్సులు ముందు నుంచే ఉన్న లోపానికి సాధారణంగా వర్తించవు. కాబట్టి నెలనెలా కొంత పక్కన వేసుకోవడమే మేలు.

3. ఎక్కడ వెతకాలి, ఏం అడగాలి

హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి పాత జంతు సంరక్షణ సంస్థలున్నాయి. చిన్న పట్టణాల్లో సంస్థ లేకపోయినా, దెబ్బ తగిలిన కుక్కలను ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. ఊళ్ళోని పశువైద్యుణ్ణి అడిగితే వాళ్ళ ఆచూకీ దొరుకుతుంది.

వెళ్ళినప్పుడు కుక్కను చూడటంతో పాటు దాన్ని చూసుకునే మనిషితో ఎక్కువసేపు మాట్లాడండి. బోను కడిగే అబ్బాయికి తెలిసినన్ని సంగతులు ఫైల్లో ఉండవు. మూత్రం, మలం దానంతటదే పోతోందా? రాత్రి పడుకుంటుందా, మూలుగుతుందా? గిన్నె దగ్గరికి చెయ్యి పెడితే గుర్రుమంటుందా? పిల్లలు, పిల్లులు, మగవాళ్ళు, చీపురు చూస్తే ఏం చేస్తుంది? ఏ మందులు నడుస్తున్నాయి, ఎన్నాళ్ళు? ఒకే రోజు చూసి నిర్ణయించకుండా రెండుమూడు సార్లు వేరువేరు వేళల్లో వెళ్ళండి. మందు ఇచ్చేటప్పుడో, మూత్రం తీసేటప్పుడో మీరే దగ్గరుండి చేసి చూడండి. చాలామందికి అక్కడే తేలిపోతుంది, అవునో కాదో.

వీలైతే మొదట ఫోస్టరింగ్‌కి తీసుకోండి, అంటే కొన్ని వారాలు మీ ఇంట్లో ఉంచుకుని చూడటం. పరిస్థితులు కుదరక తిరిగిచ్చినా ఆ కుక్కకు ఇంటి అలవాట్లు కొన్ని పట్టుబడతాయి, తర్వాత వచ్చేవాళ్ళకు సులువవుతుంది.

4. కుక్క మీకే వీధిలో కనబడితే

ఇక్కడ ఆవేశపడకండి. యాక్సిడెంట్ అయినట్టు తెలియకుండా, ఉన్నట్టుండి కాళ్ళు ఈడుస్తూ, దవడ వేలాడుతూ, చొంగ కారుస్తూ, మింగలేక, మందకొడిగా ఉన్న కుక్కను ఉత్త చేతులతో ముట్టుకోకండి. రేబిస్ అంటే పిచ్చెక్కి పరిగెత్తి కరిచేదొక్కటే అనుకుంటాం. మూగగా, పక్షవాతంలా వచ్చే రేబిస్ కూడా ఉంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టి ప్రమాదంలో పడ్డవాళ్ళున్నారు. దూరంగా ఉండి, పిల్లలను రానివ్వకుండా, సంస్థకో మున్సిపాలిటీకో ఫోన్ చేయండి.

కరిచినా, పళ్ళు గీరుకున్నా, గాయం మీద చొంగ పడినా వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు రాయకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. చర్మం తెగి రక్తం వచ్చినా, ఉన్న గాయం మీద చొంగ పడినా టీకాతో పాటు, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం. వీధికుక్కల సేవలో తరచూ ఉండేవాళ్ళు కరవకముందే టీకా వేయించుకోవడం తెలివైన పని.

యాక్సిడెంట్ కళ్ళముందే జరిగి, కుక్క లేవలేకపోతే వెన్నెముక విరిగి ఉండొచ్చు. ఎత్తుకోకుండా ఒక చెక్క మీదికో గట్టి అట్ట మీదికో జరిపి, అలాగే తీసుకెళ్ళండి. నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది. గుడ్డతో మూతి వదులుగా కట్టండి, వాంతి చేసుకుంటున్నా, ఊపిరి ఆడక ఇబ్బంది పడుతున్నా కట్టొద్దు.

5. ఇంటికి తేకముందు వైద్య పరీక్ష

రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించండి. మన వాతావరణంలో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ చాలా ఎక్కువ, పైకి కనబడకుండా నెలల తరబడి లోపల ఉంటుంది. రేబిస్, డిస్టెంపర్, పార్వో, లెప్టో టీకాల పరిస్థితి, నులిపురుగుల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతి రాయించుకోండి. డిస్టెంపర్ నుంచి ఈమధ్యే కోలుకున్న కుక్క కొంతకాలం వైరస్‌ను వదులుతూనే ఉంటుంది. ఇంట్లో వేరే కుక్క ఉంటే ముందు దాని టీకాలు పూర్తి చేయించి, ఎన్నాళ్ళు విడిగా ఉంచాలో డాక్టరుగారిని అడగండి.

వెనక కాళ్ళు పడిపోయిన కుక్కయితే కాలివేలిని గట్టిగా నొక్కి లోపలి నొప్పి తెలుస్తోందో లేదో చూడమనండి. కాలు వెనక్కి లాక్కోవడం ఒక్కటే లెక్కలోకి రాదు, అది వెన్నుపాము తనంతట చేసే పని. కుక్క తల తిప్పి చూసిందా, అరిచిందా అన్నది ముఖ్యం. నొప్పి తెలిస్తే ఫిజియోతో నడిచే ఆశ బాగానే ఉంటుంది. తెలియకపోతే ఆశ తక్కువ. ఈ సంగతి ముందే తెలిస్తే "ఎప్పుడు నడుస్తుంది?" అని రోజూ ఎదురుచూసి నిరాశపడకుండా, చక్రాలబండి మీద మనసు పెట్టగలుగుతాం.

6. ఇల్లు సర్దుకోండి

మన ఇళ్ళలో అసలు శత్రువు నేల. మార్బుల్, గ్రానైట్, నున్నటి టైల్స్ మీద మామూలు కుక్కే జారుతుంది. మూడుకాళ్ళ కుక్క, వణికే కుక్క ఒకసారి జారిపడితే ఆ గదిలోకి రావడమే మానేస్తుంది. గిన్నె దగ్గర, పడుకునే చోట, తలుపు దాకా నడిచే దారిలో రబ్బరు మ్యాట్లు గానీ పాత యోగా మ్యాట్లు గానీ వరసగా వేయండి. గోళ్ళు, కాలిమెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించి ఉంచండి. మెట్ల దగ్గర, బాల్కనీ కమ్మీల సందుల దగ్గర అడ్డు పెట్టండి.

ఫినాయిల్‌తో నేల తుడిచే అలవాటు మానుకోండి. పొట్ట ఈడ్చుకుంటూ తిరిగే కుక్కకు చర్మం మండుతుంది, కాళ్ళు నాకితే లోపలికి పోతుంది. సబ్బునీళ్ళతో తుడిచి, మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి.

చూపులేని కుక్క ఇంటిని వాసనతో, అడుగుల లెక్కతో గుర్తు పెట్టుకుంటుంది. మొదటి రోజు తాడు పట్టుకుని గది గదికీ నెమ్మదిగా తిప్పండి. తర్వాత సోఫా, మంచం, నీళ్ళ గిన్నె జరపొద్దు. మెట్టు రాబోయే ముందు గరుకు పట్టా వేస్తే కాలికి తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరైనా మువ్వల పట్టీలు పెట్టుకుంటే దానికి చాలా ధైర్యం, మనిషి ఎటు వెళ్తోందో చప్పుడే చెబుతుంది. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి.

చెవిటి కుక్కకు చేతి సైగలు నేర్పాలి. రా, కూర్చో, వద్దు, శభాష్: ఈ నాలుగూ ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి. నిద్రలో ఉన్నప్పుడు మీద చెయ్యి వేయకండి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి వాసన తగలనివ్వండి. బయట తాడు ఎప్పుడూ విప్పొద్దు, బండి హారన్ దానికి వినబడదు. మెడపట్టీ మీద "నాకు వినిపించదు" అని, మీ నంబరు రాయించండి. ఒళ్ళంతా తెల్లగా పుట్టిన కుక్కల్లో, మచ్చల డాల్మేషియన్లలో పుట్టు చెవుడు ఎక్కువ. "మొండి కుక్క, మాట వినదు" అని వదిలేసినవాటిలో ఇలాంటివి ఉంటాయి.

ఒక కాలు లేని కుక్క గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, అవి అంత త్వరగా అలవాటు పడతాయి. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి ముందు కాలు పోయినవాటికి కొంచెం కష్టం ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యం ఒళ్ళు పెరగనివ్వకపోవడం.

7. మొదటి రోజులు

మొదటి మూడు రోజులు తినకపోయినా, మూల దాక్కున్నా బలవంతం చేయకండి. మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అన్న నమ్మకం వస్తుంది. అనుభవజ్ఞులు చెప్పే మోటు లెక్క ఇది, కొన్నింటికి ఇంకా ఎక్కువ పడుతుంది. చుట్టాలను, ఇరుగుపొరుగును చూడ్డానికి పిలవకండి. నిద్ర, తిండి, మందు, మూత్రం రోజూ ఒకే వేళకు జరగాలి. మీరు తెచ్చిన కుక్కకు ఇంతకుముందు రేపు ఏం జరుగుతుందో తెలియని బతుకు. దానికి మీరివ్వగల అన్నిటికంటే పెద్ద బహుమతి ఈ మార్పులేని వేళలే.

8. వెనక కాళ్ళు పడిపోయిన కుక్క సేవ

ఈ భాగాన్ని తీరిగ్గా చదవండి, ఎందుకంటే ఇలాంటి కుక్కలను ఇష్టపడి తీసుకెళ్ళి, మూత్రం దగ్గర ఓడిపోయి వెనక్కి తెచ్చేవాళ్ళే ఎక్కువ.

చాలావాటికి మూత్రాశయం తనంతట ఖాళీ కాదు. రోజుకు మూడు నాలుగు సార్లు మనం ఖాళీ చేయాలి. కుక్కను పక్కకు పడుకోబెట్టి గానీ, తువ్వాలుతో నడుము ఎత్తి నిలబెట్టి గానీ, రెండు అరచేతులనూ పొట్టకు రెండు పక్కలా, వెనక తొడలకు కాస్త ముందు పెట్టాలి. నీళ్ళ బెలూన్‌లా తగిలేదే మూత్రాశయం. వేళ్ళతో పొడవకుండా అరచేతులతో మెల్లగా, ఆగకుండా నొక్కి తోక వైపు ఒత్తిడి ఇవ్వాలి. ధార మొదలయ్యాక ఆగేదాకా అలాగే పట్టుకోవాలి. రాకపోతే బలం పెంచకండి, పగిలే ప్రమాదం ఉంది. డాక్టరు దగ్గరో షెల్టర్‌లోనో కనీసం కొన్నిసార్లు మీ చేత్తో చేసి నేర్చుకోండి. వీడియో చూసి మొదలుపెట్టొద్దు.

పక్క మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది కదా, దానంతటదే పోతోందిలే అనుకోకండి. నిండి పొంగిన మూత్రాశయం కూడా అలాగే కారుతుంది. అడుగున మిగిలిపోయిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరుతుంది. వాసన ఘాటెక్కినా, మబ్బుగా ఉన్నా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా ఆ రోజే పరీక్ష. కుక్క మామూలు వేడి సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు, మన కొలతతో పోల్చి జ్వరమనుకోకండి. నీళ్ళు తగ్గిస్తే మూత్రం తగ్గుతుందన్న ఆలోచన ప్రమాదం, నీళ్ళు బాగా తాగాలి.

మలం చాలావరకు తనంతట వస్తుంది, కాకపోతే కుక్కకు తెలియదు. తిన్న తర్వాత ఎంతసేపటికి వస్తుందో గమనిస్తే, ఆ వేళకు బయట ఉంచొచ్చు. డైపర్ అవసరమైతే చిన్నపిల్లల డైపర్‌కే తోక కోసం రంధ్రం చేయొచ్చు. మగకుక్కకు నడుముకు చుట్టే పట్టీ చాలు. రోజంతా కట్టి ఉంచకండి, చర్మం ఒరుస్తుంది. పిల్లలకు రాసే రాష్ క్రీముల్లో జింక్ ఉంటుంది, కుక్క నాకితే ప్రమాదం. డాక్టరు చెప్పిందే రాయండి.

రెండో పెద్ద సమస్య ఒరుపు పుండ్లు. తుంటి ఎముకలు, మోకాళ్ళు, కాలిమడమలు రోజూ చేత్తో తడిమి చూడండి. ఎర్రబడ్డప్పుడే పట్టుకుంటే సులువు, పుండై ఎముక కనబడితే నెలల పని. మందపాటి స్పాంజి పరుపు, దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆ పైన తడి పీల్చే నూలు దుప్పటి వేయండి. దానంతటది కదలకపోతే నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. నేల మీద ఈడ్చుకుంటూ తిరిగేటప్పుడు వెనక భాగానికి జారే గుడ్డతో కుట్టిన సంచి తొడిగితే చర్మం నిలుస్తుంది. ఊళ్ళోని టైలరే కుట్టిస్తాడు.

కాళ్ళకు వ్యాయామం రోజుకు రెండు మూడు సార్లు. ఒక్కొక్క కీలునూ నొప్పి కలగనంత మేరకే మెల్లగా మడిచి చాపుతూ పదిసార్లు చేయండి. నడిచే ఆశ లేకపోయినా ఇది మానకూడదు, లేకపోతే కీళ్ళు బిగుసుకుపోయి బండిలో కూర్చోబెట్టడమే కష్టమవుతుంది.

చక్రాలబండికి కొలతలు కుక్కను తువ్వాలుతో నిలబెట్టి తీసుకోవాలి: నేల నుంచి వీపు దాకా ఎత్తు, తుంటి దగ్గర వెడల్పు, భుజం నుంచి తోక మొదలు దాకా పొడవు, బరువు. మన దగ్గర పీవీసీ పైపులతో, అల్యూమినియంతో చేసిచ్చేవాళ్ళున్నారు. ఎదిగే కుక్కపిల్లకు సైజు మార్చుకునే రకమే కొనండి. మొదట ఐదు పది నిమిషాలు చాలు, ఎదురుగా తినడానికేదైనా పెట్టి నడిపించండి. బండిలో ఉండగా ఒంటరిగా వదలొద్దు, బోల్తాపడితే లేవలేదు. రోజంతా కట్టి ఉంచడమూ తప్పే, దానికి పడుకోవాలనిపిస్తుంది. బండి ఎక్కిన కొన్నాళ్ళకు చాలా కుక్కలు మనం నడకకు తాడు చేతిలోకి తీసుకోగానే తోక ఆడకపోయినా ఒళ్ళంతా ఊపుతాయి. అది చూడటం కోసం ఈ చాకిరీ అంతా చేయొచ్చు.

ఎండాకాలం అదనపు జాగ్రత్త. కదల్లేని కుక్క నీడకు తనంతట వెళ్ళలేదు. ఉదయం ఏడులోపే బయటికి. రోడ్డు మీద చేతి వెనకభాగం ఐదారు సెకన్లు పెట్టి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది.

9. తిండి, మందులు

ఉత్త పెరుగన్నంతో పెరిగిన కుక్కకు ఒళ్ళొస్తుంది గానీ కండ రాదు. లోపమున్న కుక్కకు మిగిలిన కాళ్ళ కండే ఆధారం. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని చికెన్, కూరగాయలు, కొద్దిగా అన్నం పెట్టండి. ఉప్పుకారాలు వద్దు. ఉల్లిపాయ వేసిన కూర, పులుసు మిగిలిందని పెట్టొద్దు. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. పక్కటెముకలు చేతికి సులువుగా తగలాలి, అదే సరైన బరువు. దవడ వంకర ఉన్నవాటికి మెత్తగా చేసి, వెడల్పు పళ్ళెంలో పెట్టండి. నాలుక ఎప్పుడూ బయట ఉండేవాటికి అది ఎండి పగలకుండా నీళ్ళు తరచూ అందించండి.

నొప్పిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి. ప్రాణం పోవచ్చు. ఫిట్స్ మందు వాడుతుంటే ఒక్క పూట కూడా తప్పొద్దు, బాగయిందనుకుని హఠాత్తుగా ఆపొద్దు.

10. వీధిలో, పండగల్లో

బయటికి తీసుకెళ్తే అందరూ ఆగి చూస్తారు. "దీన్నెందుకు తెచ్చుకున్నారండీ, మంచి కుక్క దొరకలేదా?" అంటారు. "మాకిదే నచ్చిందండీ" అని చెప్పి నడవండి, అంతకంటే సంజాయిషీ అక్కర్లేదు. పిల్లలు అడిగితే మాత్రం ఆగండి. కాలు ఎలా పోయిందో, ఇప్పుడు నొప్పి లేదనీ చెప్పండి, అది ఒప్పుకుంటే చేతి వెనకభాగం వాసన చూపించనివ్వండి. ఆ పిల్లలు రేపు వీధిలో కుంటి కుక్క మీద రాయి వేయరు.

దీపావళికి చూపులేని కుక్కకు నరకం. లోపలి గదిలో, ఫ్యాను చప్పుడులో, పక్కన ఒక మనిషి ఉండాలి. ఈ రాత్రుల్లో తప్పించుకుని పోయే కుక్కలు చాలా, తలుపు గడియ చూసుకోండి.

11. బాధ ఎక్కువైనప్పుడు

లోపం ఉండటమే బాధ కాదు. కాళ్ళు లేకపోయినా తింటూ, మిమ్మల్ని చూసి చెవులు నిక్కించి, ఆడుకుంటూ ఉన్న కుక్కను "పాపం, ఇంజెక్షన్ ఇచ్చి పంపేయొచ్చు కదా" అనే సలహాను నేను ఎంతమాత్రం ఒప్పుకోను. అయితే మందులకు లొంగని నొప్పి, రోజుల తరబడి తిండి మానేయడం, మానని పుండ్లు, ఆగని ఫిట్స్ కలిసి వచ్చే రోజు రావచ్చు. క్యాలెండర్‌లో రోజూ మంచి రోజా, చెడ్డ రోజా అని గుర్తు పెట్టండి. చెడ్డవి వరసగా పెరుగుతుంటే మీకు నమ్మకమున్న డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడండి. నిద్రమత్తు ఇచ్చి నొప్పి లేకుండా పంపే పని పశువైద్యుడు మాత్రమే చేయాలి, అప్పుడు మీరు పక్కనే ఉండండి.

12. మీరు ఊరెళ్ళినప్పుడు

సంక్రాంతికి ఊరెళ్ళాలి, పెళ్ళికి వెళ్ళాలి, మీకే జ్వరం రావచ్చు. మామూలు బోర్డింగుల్లో ఇలాంటి కుక్కలను చాలామంది తీసుకోరు, తీసుకున్నా మూత్రం తీయడం రాదు. అందుకని కుక్క వచ్చిన మొదటి నెలలోనే రెండో మనిషిని తయారు చేసుకోండి. చెల్లెలో, పక్కింటి కుర్రాడో, పనిమనిషో, జీతం తీసుకుని వచ్చే పారావెటో (పశువైద్య సహాయకుడు), ఎవరైనా సరే. ఒక కాగితం మీద వేళలు, మందుల పేర్లు, మోతాదు, తినకూడనివి, డాక్టరు నంబరు, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి, ఏది కనబడితే వెంటనే ఫోన్ చేయాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. బయల్దేరే ముందు రోజు ఆ మనిషి చేత మీ ఎదురుగా ఒకసారి మూత్రం తీయించి, మందు ఇప్పించి, బండి కట్టించి చూడండి.